పడని రోకలి

మిట్టమధ్యాహ్నం. నడినెత్తిన సూర్యుడు నిప్పులు చెరుగుతున్నాడు. అరుణకూట నగరం తూర్పు కోటవాకిట్లో ద్వారపాలకుడు గవరయ్య వెలుగుతున్న కాగడా ఎత్తి పట్టుకుని, ఎదురుగా రెండు మూరల దూరంలో నిలబడ్డ మనిషి మీద గద్దించాడు.

"ఎవరక్కడ? ఈ చిమ్మచీకట్లో వచ్చేది ఎవరు?"

తిప్పన వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు. పైకి చూశాడు. కళ్ళు జిగేలుమన్నాయి. మూడు రోజులు ఆగకుండా నడిచి, రెండు ఏర్లు ఈది, అడవిలో ఒక ఎలుగుబంటికి తన సద్దిమూట సమర్పించుకుని వచ్చినవాడు, ఎండదెబ్బ తగిలింది తనకా, వాకిట్లో వాడికా అని కాసేపు ఆలోచించాడు.

"నేనే గవరయ్యన్నా! తిప్పనని. అర్కభట్టుగారి శిష్యుణ్ణి. చీకటెక్కడుంది?"

"ఉంది. ఉందని చాటింపేశారు." గవరయ్య నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. "గ్రహణం ఇంకా విడవలేదబ్బాయ్. పైన కనిపించేది సూర్యుడు కాదంట, ఆయన ఆనవాలంట. అసలాయన రాహువు నోట్లో ఉన్నాడంట. కాగడా లేకుండా తిరిగితే కొరడా దెబ్బలు. ఇంతకీ నీ దగ్గర తినేదేమన్నా ఉందా?"

"గ్రహణం మూడు రోజుల కిందట కదన్నా పట్టింది!"

"పట్టింది. రాజుగారి రోకలి పళ్ళేదు. రోకలి పడందే విడుపెక్కడిది?"

ఈ రోకలి సంగతి తెలియనివారికి చెప్పాలి. గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో రోకలి నిలబెట్టడం అరుణకూటలో తాతల నాటి ఆచారం. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి నిలబడుతుంది, విడవగానే పడుతుంది. అందరి ఇళ్ళల్లోనూ రోకళ్ళు ఉన్నా, చట్టానికి చెల్లేది కోటలో ఉన్న రాజరోకలి ఒక్కటే. అది పడితే విడుపు భేరి మోగుతుంది. భేరి మోగాక ప్రతి ఒక్కరూ నూటెనిమిది చెంబుల నీళ్ళు నెత్తిన పోసుకోవాలి. ఆ తరవాతే పొయ్యి వెలిగించడం, అన్నం తినడం, మరే పనైనా మొదలుపెట్టడం. కాబట్టి నగరం మొత్తం మూడు రోజులుగా పస్తు. సన్నికల్లు చప్పుడు లేదు, పోపు వాసన లేదు, అరుగుల మీద కూర్చున్న పెద్దమనుషులు కాగడాల వెలుతురులో ఒకరినొకరు గారెల్లా చూసుకుంటున్నారు.

"మా ఇంట్లో రోకలి మాత్రం ఆ రోజే పడిపోయిందబ్బాయ్," అన్నాడు గవరయ్య గొంతు తగ్గించి. "పొద్దు పొడిచిన పన్నెండో గడియకల్లా దబ్బున పడింది. మరి రాజుగారి రోకలి నిలబడుంటే మాది పడిందని బయటికి చెప్పుకుంటామా? అపచారం కాదూ? మళ్ళీ లేపి నిలబెట్టి, మా ఆడది మూడు రోజులుగా చేత్తో పట్టుకుని కూర్చుంది. ఊళ్ళో అందరి ఇళ్ళల్లోనూ అదే వరస."

పన్నెండో గడియ! తిప్పన గుండె పొంగింది. పన్నెండో గడియకు విడుస్తుందని గురువుగారు నెల ముందే లెక్కకట్టి చెప్పారు. ఆ లెక్క సరిచూడటానికే తిప్పనను గండశిల రాజ్యానికి పంపారు. అరుణకూటలో సూర్యుడు మొత్తం మూసుకుపోయే వేళ, దక్షిణాన ఉన్న గండశిలలో సగమే మూసుకుంటాడని, ఎందుకంటే అక్కడ చంద్రుడి నీడ అంచు మాత్రమే పడుతుందని ఆయన చెప్పారు. అచ్చం అలాగే జరిగింది.

"గురువుగారు ఎక్కడున్నారన్నా? శుభవార్త చెప్పాలి."

గవరయ్య మొహం మాడిపోయింది. "శంకుగుట్ట మీద. తాళ్ళతో కట్టేశారు."

జరిగింది ఇది. నిండుసభలో అర్కభట్టు విడుపు గడియ చెప్పాడు. ఆ గడియ దాటినా రాజరోకలి పడలేదు. అదే రోజు ఘోరజంభుడనే మాంత్రికుడు ఊళ్ళోకి దిగి, రాహువు గొంతులో సూర్యుడు అడ్డంపడ్డాడని, తను కక్కిస్తానని, కక్కిస్తే అర్ధరాజ్యం ఇవ్వాలని మాట తీసుకున్నాడు. తప్పు లెక్క చెప్పిన ముసలాణ్ణి గుట్ట మీంచి తోయించాలన్నదీ వాడే. అయితే గ్రహణ కాలంలో శిక్షలు అమలు చేయకూడదు. అందుచేత భేరి మోగాక, తలారి బండెన్న నూటెనిమిది చెంబుల స్నానం ముగించి, అర్కభట్టును కిందికి తోయాలని రాజాజ్ఞ.

తిప్పన నెత్తి పట్టుకున్నాడు. రోకలి పడకపోతే ఊరు మాడి చస్తుంది. పడితే గురువుగారు చస్తారు. రోకలి పడేలోపే, గ్రహణం ఎప్పుడో విడిచిందని రాజు నోటితో అనిపించి, శిక్ష రద్దుచేసే ముద్రటుంగరం సంపాదించాలి. మరో దారి లేదు.

అర్కభట్టును తలచుకుంటే తిప్పనకు ఏడుపు వచ్చింది. ఆయన జీవితంలో ఎవరికీ తప్పు అంకె చెప్పి ఎరగడు. ఒకసారి మహారాణి పుట్టినరోజు సభలో కవి ఒకడు ఆవిడను పాతికేళ్ళ పడుచు అని పొగిడితే, ఈయన లేచి "నలభై ఒకటి, మూడు నెలలు" అని సరిదిద్దాడు. గ్రహణం అంటే ఏమిటో తిప్పనకు చెప్పడానికి దీపాన్ని సూర్యుడన్నాడు, గుమ్మడికాయను భూమి అన్నాడు, మధ్యలో లడ్డూ పట్టుకుని ఇదే చంద్రుడురా, దీని నీడేరా రాహువు అన్నాడు. నీడ గుమ్మడికాయ మీద పడేలోపే తిప్పన చంద్రుణ్ణి తినేశాడు. "ఇన్నాళ్ళకు అసలు రాహువును చూశాను" అని ఆయన నవ్వాడు తప్ప కోప్పడలేదు. అంత లెక్క తెలిసినవాడూ ప్రతి గ్రహణానికీ కంఠం లోతు నీళ్ళలో నిలబడి జపం చేసేవాడు. అదేమిటండీ అని అడిగితే, "లెక్క లెక్కేరా, స్నానం స్నానమే. దేని చోటు దానిది" అనేవాడు.

కోట వెనక దంపుళ్ళ కొట్టం ఉంది. అక్కడ నలభై ఏళ్ళుగా రాజుగారి వడ్లు దంచే సుంకులమ్మ ఖాళీ రోటి ముందు కూర్చుని ఉంది. తిప్పన గోడ దూకి ఆమె ముందు పడ్డాడు.

"అవ్వా! రాజరోకలి ఎందుకు పడటం లేదు?"

"ఎందుకు పడుద్దిరా నాయనా? అది రోకలైతే కదా పడటానికి!" సుంకులమ్మ మూతి తిప్పింది. "కిందటి గ్రహణానికి రాజుగారు తుమ్మితే పాత రోకలి మధ్యలోనే పడిపోయింది. పొరుగు రాజులు నవ్వారంట. ఈసారి ఇది పడకూడదు అని చెప్పి కంసాలి చేత కొత్తది చేయించారు. రోకలి అడుగున పొన్ను గుండ్రంగా, గచ్చకాయ మల్లే ఉండాలా? దీనికి పీటంత వెడల్పు బంగారపు పొన్ను తొడిగారు. అది గుంజ! కాలితో తన్నినా పడదు. ఆ మాట చెప్పబోతే, వడ్లు దంచే దానివి నీకెందుకు ఖగోళం అని మంత్రిగారు కసిరారు."

తిప్పన ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఖగోళశాస్త్రంలో ఇంతకంటే గొప్ప మాట అతను వినలేదు. కానీ దీన్ని రాజు చెవిలో ఎవరు వేయాలి? శిష్యుడు చెబితే గురువు పక్కనే కట్టేస్తారు. దంపుళ్ళ అవ్వ చెబితే కసురుతారు. ఎవరు చెబితే రాజు లేచి నిలబడి వింటాడు?

"అవ్వా, ఒక గోనెసంచీ, ఒక చేటా, ఒక మోకూ, కాస్త పారాణీ కావాలి," అన్నాడు.

*

ఆ సభామండపం వైభవం చెప్పనలవి కాదు. పగడాల స్తంభాలు, ముత్యాల జాలర్లు, పచ్చలు పొదిగిన చిలకల తోరణాలు, నేల మీద అద్దం లాంటి చలువరాయి. ఆ చలువరాతి మీద పస్తులున్న సామంతులు ఎక్కడివారక్కడ చేరగిలబడి ఉన్నారు. సింహాసనం మీద మిహిరవర్మ మహారాజు నీరసంగా వాలిపోయి ఉన్నాడు. ఆయన వంశానికి మూలపురుషుడు సూర్యుడు. అందుకని ఆయన సూర్యుణ్ణి తాతగారు అంటాడు. మండపం నడుమ నీళ్ళు నిండిన పళ్ళెంలో నిలువెత్తు రోకలి, నవరత్నాలు చెక్కిన బంగారు రోకలి, చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. దాని పక్కన భేరి. భేరి పక్కన మూడు రోజులుగా కర్రలెత్తి పట్టుకున్న భేరివాడు.

రోకలికి ఇవతల అరిటాకుల మీద, విడుపు విందుకని ముందే వండిన పులిహోర గుట్ట, గారెల బుట్టలు, బూరెల రాశి, గంగాళం నిండా పెరుగువడలు. అన్నిటి మీదా దర్భపోచలు. వాటి ముందు జడలు విరబోసుకుని, ఎముకల దండ పక్కకు తోసుకుని ఘోరజంభుడు తింటున్నాడు.

"ఇంకెంతసేపు మహాత్మా?" అన్నాడు రాజు, గారె వంక చూడకుండా ఉండటానికి శతవిధాలా ప్రయత్నిస్తూ.

"రాహువుకు బదులు నేను తింటున్నాను రాజా! నా నోట పడింది ఆయన పొట్టకు చేరుతుంది. పొట్ట నిండాలి. వికారం పుట్టాలి. అప్పుడు మీ తాతగారిని కక్కుతాడు. నాకేమన్నా సరదానా?" అని ఘోరజంభుడు మరో బూరె అందుకున్నాడు.

అప్పుడు మండపం తలుపులు దడాలున తెరుచుకున్నాయి. కాగడాలు రెపరెపలాడాయి. ఆకారం ఒకటి లోపలికి వచ్చింది. దానికి భుజాలున్నాయి, చేతులున్నాయి, వెనక బారెడు తోక నేల మీద ఈడ్చుకుంటూ ఉంది. తల మాత్రం లేదు. తల ఉండవలసిన చోట ఎర్రగా, చదునుగా తెగిన మెడ. మహారాణి కెవ్వుమంది. సేనాపతి స్తంభం చాటుకు వెళ్ళి అక్కడినుంచి ధైర్యంగా కత్తి దూశాడు.

గోనెసంచి లోపల చేట నెత్తిన పెట్టుకున్న తిప్పనకు ఊపిరాడటం లేదు. ఛాతీ దగ్గర చేసుకున్న రెండు కన్నాల్లోంచి అతనికి మొట్టమొదట కనిపించింది గారెల బుట్ట.

"మిహిరవర్మా!" అన్నాడు పొట్టలోంచి గొంతు తెచ్చి. "నేను కేతువును. రాహువు మొండేన్ని."

రాజు లేచి నిలబడ్డాడు. "స్వామీ! తమరు ఎక్కడినుంచి మాట్లాడుతున్నారు?"

"బొడ్డు దగ్గరినుంచి. ఆ సంగతి వదిలెయ్. వీడెవడు? నా పేరు చెప్పి ఎందుకు తింటున్నాడు?"

"తమరి పేరు కాదు స్వామీ, తమ అన్నగారి పేరు. రాహువుగారి కడుపు నిండితే..."

"ఎవరి కడుపు?"

"రాహువుగారి కడుపు."

"మా అన్నకు కడుపెక్కడిదయ్యా? అమృతం తాగిన రోజునే కంఠం దగ్గర తెగ్గొట్టారు కదా! తల వాడిది, కడుపు నాది. మూడు రోజులుగా ఖాళీగా ఉంది, వినిపించడం లేదా?"

ఇందులో నటన లేదు. ఆ మాట అంటుండగానే తిప్పన కడుపు, పులిహోర వాసనకు తట్టుకోలేక, మండపం ప్రతిధ్వనించేట్టు గుర్రుమంది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? సభ మొత్తం సాగిలపడింది. మంత్రి వణుకుతూ తాళపత్రం మీద రాసుకోసాగాడు.

"కడుపు లేనివాడు సూర్యుణ్ణి మింగి ఎక్కడ దాచుకుంటాడు? అటు మింగితే ఇటు మెడలోంచి బయటికొచ్చేస్తాడు. అందుకే ఏ గ్రహణమూ పది గడియలకు మించదు. ఇది కూడా పన్నెండో గడియకే విడిచింది. అర్కభట్టు చెప్పిన దానికి రెప్పపాటు తేడా లేదు. అసలు మేమిద్దరం ఆయన లెక్క చూసుకునే ఇంటినుంచి బయలుదేరతాం."

ఘోరజంభుడి చేతిలో బూరె ఆగిపోయింది. "అబద్ధం! విడిస్తే రోకలి పడదా?"

"పడింది. ఊరంతా పడింది. మహారాజా, నీ నగరంలో ఆడవాళ్ళను రోకళ్ళతో రప్పించు."

అరగడియలో నలభై మంది ఇల్లాళ్ళు వచ్చారు. ఒక్కొక్కరి ముందు పళ్ళెం, పళ్ళెంలో రోకలి, రోకలి మీద చెయ్యి. మూడు రోజుల కాపలాతో వాళ్ళ చేతులు కొయ్యబారిపోయాయి.

"అమ్మల్లారా," అన్నాడు కేతువు, "వదిలెయ్యండి."

నలభై మందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందుగా గవరయ్య భార్య వదిలింది. ఆ వెంటనే దడదడదడ నలభై రోకళ్ళూ చలువరాతి మీద పడ్డాయి. ఆ ఇల్లాళ్ళు చేతులు విదిలించుకుంటూ ఒక్కసారి నిట్టూర్చారు. మధ్యలో ఉన్న రాజరోకలి మాత్రం మణులు మెరిపిస్తూ నిలబడే ఉంది.

"దాని అడుగు చూడు రాజా. నీ దంపుళ్ళ అవ్వను అడుగు, చెబుతుంది. అది నిలబడింది నీ తాతగారి కోసం కాదు, నీ కంసాలి పనితనం వల్ల."

మిహిరవర్మ వంగి చూశాడు. పీటంత వెడల్పు పొన్ను. ఆయన మొహం ఎర్రబడింది. పడకూడదు అని తనే చెప్పిన మాట గుర్తొచ్చింది. "అంటే అర్కభట్టు..." అని మొదలుపెట్టాడు.

తిప్పన ఊపిరి బిగబట్టాడు. ఇంకొక్క మాట. నిర్దోషి అన్న ఒక్క మాట, వేలి ఉంగరం.

ఘోరజంభుడు తక్కువవాడు కాదు. ముసలాడు బతికితే తనకు అర్ధరాజ్యం దక్కదని వాడికి ఆ క్షణంలోనే అర్థమైంది. పెరుగువడల గంగాళం రెండు చేతులా ఎత్తి రోకలి మీదికి విసిరాడు. వడలు నలువైపులా ఎగిరాయి. గుంజలాంటి రోకలి ఊగింది, ఒరిగింది, కేతువు మెడ మీద పడింది. చేట పగిలింది. సంచి చిరిగింది. మహారాజు ఎదుట పెరుగులో తడిసిన తిప్పన తల బయటపడింది.

మూడు రోజులుగా కర్రలెత్తి ఉన్న భేరివాడికి ఇవేమీ పట్టలేదు. రోకలి పడింది. వాడు కళ్ళు మూసుకుని, ఆకలంతా కర్రల్లోకి తెచ్చుకుని భేరి బాదాడు.

ఢం! ఢం! ఢం!

సామంతులు లేచి బావుల వైపు పరుగు తీశారు. మహారాణి పరుగు తీసింది. స్తంభం చాటునుంచి సేనాపతి అందరికంటే ముందు పరుగు తీశాడు. తిప్పన రాజు కాళ్ళు పట్టుకున్నాడు.

"ప్రభూ! వేషం వేసినందుకు తరవాత కొరడాతో కొట్టించండి. ముద్రటుంగరం ఇప్పించండి! గుట్ట మీద బండెన్న స్నానం మొదలుపెట్టి ఉంటాడు!"

రాజు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నువ్వు చెప్పింది నిజం తిప్పనా. అర్కభట్టు నిర్దోషి. కానీ విడుపు స్నానం కాకుండా ముద్ర తాకకూడదు. తాతగారు చూస్తున్నారు!" అని పైకి వేలు చూపించాడు. "నూటెనిమిది చెంబులు కాగానే ఇస్తాను. ఎనిమిదిమంది చేత ఒక్కసారే పోయించుకుంటాను. నాకూ ఆకలేస్తోందయ్యా!"

"నువ్వు గుట్టకు పరిగెత్తరా," అంది ఇల్లాళ్ళతో పాటు లోపలికొచ్చిన సుంకులమ్మ వెనకనుంచి. "వాణ్ణి మాటల్లో పెట్టు. ఉంగరం నేను తెస్తా. నా గంధర్వుడున్నాడు."

గంధర్వుడు ఆమె గాడిద. తిప్పనకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఇంతలో వికటాట్టహాసం వినిపించింది. ఘోరజంభుడు గిర్రున తిరిగి పల్లకీ అంత గెద్దగా మారి కిటికీలోంచి ఎగిరాడు. తిన్నది అరగక కిటికీ చట్రానికి పొట్ట తగిలి, ఒక పల్టీ కొట్టి, ఆపసోపాలు పడుతూ శంకుగుట్ట వైపు సాగాడు.

*

శంకుగుట్ట మీద నీడ కొలిచే స్తంభం ఉంది. అర్కభట్టు దాన్ని ముప్పై ఏళ్ళ కిందట తన చేతులతో పాతాడు. ఇప్పుడు ఆయన్ని దానికే కట్టేశారు. కాలి బొటనవేలు అందినంత మేరా ఇసకలో అంకెలు రాసి ఉన్నాయి. మూడు రోజులుగా ఆయన తన తప్పు వెతుక్కుంటున్నాడు. చావు గురించి ఆయనకు దిగుల్లేదు. ఎక్కడ తప్పాడో తెలియకుండా చావడమే ఆయన్ని తినేస్తోంది.

పక్కన బండరాతి దొన నీళ్ళలో చెంబు ముంచుకుంటూ తలారి బండెన్న స్నానం చేస్తున్నాడు. బండెన్నకు ఇరవై దాటి లెక్క రాదు. అందుకని లెక్క పెట్టే పని, రాజ్యంలో అంతకంటే బాగా లెక్కపెట్టేవాడు లేడు గనక, అర్కభట్టుకే అప్పగించాడు.

"తొంభై మూడు," అన్నాడు అర్కభట్టు నిక్కచ్చిగా. "అది సగం చెంబు. లెక్కలోకి రాదు, మళ్ళీ పోసుకో నాయనా. ఆ, తొంభై నాలుగు."

మేకల దారిన పడుతూ లేస్తూ తిప్పన గుట్ట ఎక్కాడు. ఒంటినిండా పెరుగు, నడుముకు ఇంకా తోక.

"గురువుగారూ! లెక్క తప్పలేదు! రోకలి అడుగు వెడల్పు! అంతే! ఊరంతా రోకళ్ళు పన్నెండో గడియకే పడ్డాయి!"

అర్కభట్టు వేలు ఇసకలో ఆగిపోయింది. "గండశిలలో?"

"సగమే మూసుకుంది. మీరన్నట్టే. అంచు నీడే!"

ముసలాయన కళ్ళల్లోంచి నీళ్ళు జలజలా రాలి ఇసకలో అంకెల మీద పడ్డాయి. "ఇంక ఫరవాలేదురా," అన్నాడు. "ఇంక సుఖంగా పోతాను. తొంభై ఏడు."

"పోవద్దు గురువుగారూ! ఉంగరం వస్తోంది! కాస్త లెక్క తప్పండి!"

"ఛీ!" అర్కభట్టు కళ్ళెర్రజేశాడు. "నా దగ్గర చదువుకుని అడిగే మాటేనా అది? తొంభై ఎనిమిది."

"బండెన్నా, నువ్వైనా ఆగు!"

"ఆగితే నా పీక పోద్ది బాబూ," అన్నాడు బండెన్న పాపం నిజంగానే బాధపడుతూ. "సామికి సేతులెత్తి దండమెట్టే తోత్తాను."

కింద దారిలో దుమ్ము లేచింది. తిప్పన ప్రాణం లేచి వచ్చింది. గంధర్వుడు! చెవులు వెనక్కి పెట్టి, జీవితంలో ఎన్నడూ పరిగెత్తని గాడిద, తోకకు నిప్పంటుకున్నట్టు పరిగెత్తుకొస్తోంది. దాని మీద సుంకులమ్మ, ఎత్తిన చేతిలో తళతళమని ఉంగరం.

"నూట రెండు."

గాడిద గుట్ట మొదలుకు వచ్చింది. మెట్లు ఎక్కసాగింది. "తెచ్చానురా అబ్బీ!" అని సుంకులమ్మ కేక.

"నూట ఐదు."

ఆకాశంలోంచి పల్లకీ అంత నీడ గుట్ట మీద పడింది. గెద్ద దూసుకొచ్చింది. సుంకులమ్మ చేతికర్రతో ఒక్కటి వడ్డించింది గానీ, గోళ్ళు ఉంగరాన్ని ఒడిసిపట్టుకున్నాయి. గెద్ద రెక్కలు టపటపలాడించుకుంటూ పైకి లేచింది. మూడు రోజుల గారెల బరువుతో నిలువునా లేవలేక, గుట్ట అంచుకు ఒరుసుకుంటూ, తిప్పన ముక్కు ముందునుంచే సాగింది.

తిప్పన ఆలోచించలేదు. రెండంగలు వేసి గుట్ట అంచునుంచి దూకాడు. రెండు చేతులా గెద్ద కాళ్ళు దొరికాయి. కింద నేల లేదు. శంకుగుట్ట, గాడిద, నగరం, కాగడాలు ఆర్పేసి పొయ్యిలు వెలిగించుకుంటున్న నాలుగు వీధులు, అన్నీ చిన్నవైపోతున్నాయి. ఉంగరం గెద్ద కుడికాలి గోరుకు వేలాడుతోంది. జానెడు దూరం. అందడం లేదు. గెద్ద ఈశాన్యం వైపు, దూరాన పొగలు కక్కే కొండల వైపు తిరిగింది.

తిప్పన కిందికి చూశాడు. గుట్ట మీద బండెన్న నోరు తెరిచి, ఎత్తిన చెంబు ఎత్తినట్టే పట్టుకుని, ఆకాశంలో వేలాడే మనిషినీ, ఆ మనిషి తోకనూ చూస్తున్నాడు. ఆ చెంబు పోసుకున్నాడు. తరవాత రెండోదీ పోసుకున్నాడు. మూడోది ముంచుతూ అడిగాడు.

"ఎంతన్నారు సామీ? ఇదేనా ఆఖరుది?"

అర్కభట్టు తల పైకెత్తి, కళ్ళ మీద ఎండ పడుతున్నా రెప్ప వేయకుండా, మబ్బుల్లో చిన్నదైపోతున్న శిష్యుణ్ణి చూశాడు. తన లడ్డూ తిన్నవాడు. తన అంకె నిజమని చెప్పడానికి పన్నెండు ఆమడలు నడిచినవాడు. ముసలాయన గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. గాలి అటునుంచి వీస్తోంది గనక ఆ మాట ఆకాశంలో వేలాడుతున్న తిప్పనకు స్పష్టంగా వినిపించింది.

"ఒకటి," అన్నాడు అర్కభట్టు.